పూల మూర కొలిచే చెయ్యి, కొసరు వదిలే క్షణం: ఈ ఫోటో ఎట్టా పట్టాలి?

పెన్నగట్టు_35

అందరికీ నమస్కారం. ఒకే ఒక్క ఫోటో గురించి అడుగుతున్నాను. నెల్లూరు రంగనాయకుల గుడి దగ్గర పూలబుట్టల వాళ్లు మల్లెదండ కొలవడం మీరంతా చూసే ఉంటారు. దండ కొసను వేళ్ల చివర పట్టుకుని మోచేతి దాకా సాగదీస్తారు. అక్కడికి మూర అయిపోయినట్టే. తెంపే ముందు బొటనవేలు కాస్త సడలించి ఇంకో నాలుగు పూలు జారవిడుస్తారు, కొసరుకి. ఆ కాస్త సేపు అమ్మే ఆమె చూపు, కొనే ఆమె చూపు రెండూ ఆ చేతి మీదే ఉంటాయి. నాకు కావలసింది అదే. నిలబెట్టి తీసే ఫోటో వద్దు, ‘మళ్లీ ఒకసారి కొలవమ్మా’ అని అడగడం అసలే వద్దు. చాలా కాలంగా దీనికోసం చూస్తున్నాను, కుదరడం లేదు.

కెమెరా నికాన్ డి5600. లెన్సులు 35 ఎం.ఎం. ఎఫ్/1.8, 18-55, 70-300. పొద్దున గుడి వేళకి, లేకపోతే దీపాలు పెట్టాక వెళ్తుంటాను.

ఇబ్బందులు ఇవీ. కెమెరా కంటికి ఆనించగానే కొలిచే చెయ్యి ఆగిపోతుంది, ఆమె నా వైపు చూస్తుంది. చూడకపోతే ఫోకస్ ముందు వేలాడే చామంతి దండల మీద పడి చెయ్యి మసకవుతుంది. అన్నీ కుదిరాయనుకుంటే కొనే ఆమె వీపు అడ్డం. మల్లెపూలు పువ్వుల్లా కాకుండా తెల్లటి ముద్దలా వస్తున్నాయి. రాత్రి ఎల్ఈడీ బల్బు కింద షట్టర్ వేగం 1/500 సెకను పెడితే ఒక్కో ఫ్రేములో సగం మామూలుగా, సగం చీకటిగా పడుతోంది.

సెట్టింగులు, నిలబడే చోటు, వేళ, ఈ మూడింటి మీద తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.


ఒంగోలు_వ్యూఫైండర్

ముందు ఫోకస్ సంగతి తేల్చుకుందాం. దండలు వేలాడే కొట్టు దగ్గర ఆటోఫోకస్‌ని నమ్ముకోవద్దు. కెమెరాకి దగ్గరగా, స్పష్టమైన గీతలతో ఏది కనబడితే దాన్నే పట్టుకుంటుంది. చామంతి దండ దానికి సులువైన గురి. మీ 35 ఎం.ఎం. లెన్సుని ముందే ఒక దూరానికి బిగించి వదిలేయండి.

ఆ లెన్సు మీద దూరం గీతలు ఉండవు, కాబట్టి ఇట్టా చేయండి. మీరు నిలబడబోయే చోటి నుంచి చెయ్యి ఉండే చోటికి దాదాపు 3 మీటర్లు ఉండేట్టు చూసుకోండి. మామూలు నడకలో నాలుగు అడుగులు. అంతే దూరంలో ఉన్న ఏ స్తంభం మీదో, బండి నంబరు ప్లేటు మీదో ఆటోఫోకస్ చేయండి. ఫోకస్ కుదరగానే లెన్సు పక్కనున్న స్విచ్‌ని ‘ఎం’ (మాన్యువల్) వైపు జరపండి. ఫోకస్ రింగు చెయ్యి తగిలితే తిరిగిపోతుంది, దాని మీద చిన్న ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి.

ఎఫ్ అంకె పెరిగే కొద్దీ లెన్సు కన్ను చిన్నదవుతుంది, స్పష్టంగా వచ్చే దూరం పెరుగుతుంది. ఎఫ్/8 పెడితే 3 మీటర్ల ఫోకస్‌కి సుమారు 2.2 మీటర్ల నుంచి 4.9 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. అమ్మే ఆమె, కొనే ఆమె ఇద్దరూ అందులో పడతారు. ఎఫ్/5.6 అయితే 2.35 నుంచి 4.1 దాకా. ఎఫ్/4కి వస్తే 2.5 నుంచి 3.7, అంటే ఒకటింబావు మీటరు కన్నా కొంచెం తక్కువ. ఎఫ్/1.8 ఉంది కదా అని తెరిస్తే చెయ్యి దక్కినా ముఖం పోతుంది. ఈ ఫోటోకి చెయ్యి ఎంత ముఖ్యమో ఆ రెండు చూపులూ అంతే ముఖ్యం.

షట్టర్. కొలిచే చెయ్యి సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతుందనుకుంటే, 3 మీటర్ల నుంచి 35 ఎం.ఎం.తో 1/250 దగ్గర మీ సెన్సర్ మీద ఆ చెయ్యి 12 పిక్సెళ్ల మేర జరుగుతుంది. ఎ4 ప్రింటులో అర మిల్లీమీటరు పైచిలుకు మసక. 1/500కి అది సగమవుతుంది. అయితే కొసరు వదిలేటప్పుడు ముంజేయి దాదాపు నిలిచి ఉంటుంది, కదిలేది బొటనవేలు, జారే పూలు మాత్రమే. అందుకే 1/320 చాలు. పూలు ఇసుమంత మసకగా ఉంటేనే జారుతున్నట్టు తెలుస్తుంది. అవి కూడా రాయిలా నిలిచిపోతే పట్టుకుని కూర్చున్నట్టుంటుంది.

ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుతురు) పూర్తిగా ఎం మోడ్‌లో, అంటే అన్నీ మనమే పెట్టుకోవాలి; ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే మోతాదు) కూడా చేత్తోనే. ఎందుకంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు, ముందుకొచ్చిన మనిషి బట్టల్ని బట్టి మారిపోతుంది. తెల్లచీర ఆమె నిలబడితే ఫోటో నల్లబడుతుంది, నల్ల బురఖా ఆమె వస్తే మల్లెలు తెల్లగా కాలిపోతాయి. గొడుగు కింద వెలుగు మాత్రం పది నిమిషాల పాటు ఒకేలా ఉంటుంది. ఎండ గొడుగు బయట ఉండి, పూలు నీడలో ఉంటే ఎఫ్/5.6, 1/320, ఐఎస్ఓ 800తో మొదలుపెట్టండి. ఎఫ్/8, 1/400 కావాలంటే ఐఎస్ఓ 2000 అవుతుంది. డి5600కి అది పెద్ద బరువేమీ కాదు.

మల్లెల ముద్ద సమస్యకి మందు ఇదే. ప్లేబ్యాక్ మెనూలో హైలైట్స్ చూపించే తెరను ఆన్ చేసుకోండి. బుట్టలోని మల్లెల కుప్పని ఒక ఫోటో తీసి చూడండి. తెల్లటి చోటు మెరుస్తుంటే, ఆ మెరుపు ఆగేదాకా ఐఎస్ఓ తగ్గించండి. ముఖాలు కాస్త నల్లగా కనబడతాయి, భయపడొద్దు. రా ఫైలులో (సెన్సర్ ఇచ్చిన ముడి ఫైలు) ఒక స్టాపు, ఒకటిన్నర స్టాపు పైకి లాగొచ్చు; ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు. కాలిపోయిన మల్లెరేకు మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు.

రాత్రి చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 1/100 పెడితే ప్రతి ఫ్రేముకీ ఒక పూర్తి వెలుగు అందుతుంది, 1/50కి రెండు. 1/500లో షట్టర్ తెర సెన్సర్ మీదుగా జరిగేలోపే బల్బు మసకబారుతుంది, మీ ఫ్రేములో చీకటి సగం అదే. బల్బు కిందైతే 1/100, ఎఫ్/4, ఐఎస్ఓ 1600. కదిలే చెయ్యి 1/100లో నిలవదు, కాబట్టి కొసరు దగ్గర చెయ్యి ఆగిన ఆ అర సెకనులోనే నొక్కాలి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) వాడేవాళ్లకి ఒక మాట: ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేసి మెకానికల్ వాడండి, లేకపోతే చారలు ఇంకా ఎక్కువ.

ఇంకొకటి. బీప్ శబ్దం ఆపండి, ముందు వెలిగే ఫోకస్ సహాయ దీపం కూడా ఆపండి. చీకట్లో ఆ దీపం ముఖం మీద పడ్డాక ఇంకెవరైనా తిరిగి చూస్తారు.


మూరెడు_మల్లె

పైన అన్న చెప్పిన లెక్కలన్నీ సరే. మాది పూల వ్యాపారం, ఆ వైపు నుంచి నేను చెప్తా.

మొదటి సంగతి, మీరు పోయే వేళే సరిగా లేదు. మల్లెమొగ్గలు తెల్లారుజామున కోస్తారు, పగలంతా కట్టుతా ఉంటారు, సాయంత్రానికి దండలు అంగడికి వస్తాయి. రాత్రికి ఇంట్లో విచ్చుకోవాలి కదా. పొద్దున గుడి ముందు అమ్ముడుపోయేది ఎక్కువగా దేవుడికి, చామంతులు, లిల్లీలు, తులసి మాలలు. ఆడోళ్లు తల్లోకి మూరలెక్కన కొనేది సాయంత్రం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పొద్దు గూకేది ఆరుంబావు దాటాక. ఐదుంబావు నుంచి ఆరుంబావు దాకా బేరమూ ఉండాది, వెలుతురూ ఉండాది. బల్బుతో పనే లేదు.

కొసరు ఎప్పుడూ ఒకేలా పడదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చలికాలంలో మల్లెలు తక్కువ, రేటు ఎక్కువ, అప్పుడు మూరకి మూరే. వేసవిలో పూలు దండిగా దిగితే కొసరు సాగుద్ది. అందులోనూ బుట్ట అడుగు కనపడేటప్పుడు, మిగిలినవి రేపటికి పనికిరావు కాబట్టి, అడక్కుండానే ఇంకో జానెడు వదిలేస్తారు. పండగ రోజు, శ్రావణ శుక్రవారం మాత్రం పోబాకండి. జనం ఎక్కువ కదా, ముందే మూరలు తెంపి కుప్ప పోసి పెట్టుకుంటారు. కొలిచే పనే ఉండదు, డబ్బులు తీసుకోవడం, పొట్లం ఇవ్వడం అంతే. మామూలు శుక్రవారం సాయంత్రం సరిపోద్ది.

ఇక చేతి పని వరస చూడండి. కొనే ఆమె ‘రెండు మూరలియ్యి’ అంటుంది. అమ్మే ఆమె తడిగుడ్డ తొలగించి దండ చుట్ట పైకి తీస్తుంది. ఒకసారి విదిలిస్తుంది, నీళ్లు రాలడానికి. కొసను ఎడమచేతి మధ్యవేలి చివర పెట్టి బొటనవేలితో అదుముతుంది. కుడిచేత్తో దండని మోచేతి దాకా లాగుతుంది. రెండో మూరకి మోచేతి దగ్గరున్న చోటుని మళ్లీ వేలి కొసకి తెచ్చుకుంటుంది. ఇట్టా ఆఖరి మూర మోచేతిని తాకినాక కుడిచెయ్యి ఒక్క రవ్వ ఆగుద్ది. కొనే ఆమె సరిగ్గా ఇక్కడే ‘కొంచెం ఎక్కువెయ్యి’ అంటుంది, లేకపోతే నోరు తెరవకుండా చూస్తా ఉంటుంది. ఆ ఆగిన చోటే మీ గుర్తు. దాని వెంబడే బొటనవేలు సడలుద్ది, పూలు మోచెయ్యి దాటి కిందకి జారతాయి. ఆ తర్వాత దారం పళ్లతోనో, బ్లేడుతోనో తెంచడం, ఆకులో చుట్టడం.

అంటే విదిలించిన నీళ్లు కనపడగానే మీరు సిద్ధంగా ఉండాలి. రెండు మూరలు అడిగిన బేరం చూసుకోండి. మొదటి మూర మీకు ఫ్రేము సరిచేసుకోవడానికి పనికొస్తుంది, రెండోదానికి కొసరు పడుద్ది. ఒక్క మూర బేరంలో మీరు తేరుకునేలోపు పొట్లం కట్టేస్తారు. కొందరు ఎడమచేతివాటం వాళ్లుంటారు, వరస అంతా తిరగబడుద్ది, ముందే గమనించుకోండి.

బోణీ కాకముందు కెమెరా బయటికి తియ్యబాకండి. గిరాకీ వచ్చే దారికి అడ్డంగా నిలబడబాకండి. పోయిన వెంటనే ‘అక్కా, నీ చేతి పని ఫోటో తీసుకుంటా, నువ్వు పని ఆపబాక, నా వంక చూడబాక’ అని నేరుగా చెప్పండి. మీరు పూలు కొని, బేరం ఆడకుండా డబ్బులిచ్చి, కాసేపు పక్కన గమ్మున కూర్చుంటే నాలుగు బేరాలు అయ్యేసరికి మీరు ఉన్న సంగతే మర్చిపోతారు. ముందు అడిగితే సహజంగా రాదని కొందరి అనుమానం. పూలమ్మే మనిషికి గిరాకీ ముఖ్యం, కెమెరా కాదు. అడక్కుండా దొంగచాటుగా ఎత్తితేనే చెయ్యి ఆగుద్ది.


కావలి_షట్టర్

ఇంత అవసరమా? 70-300 బిగించి రోడ్డు అవతల నుంచి 200 దగ్గర పెట్టి కొట్టండి. ఎవరికీ తెలియదు, ఎవరూ చూడరు. సహజమైన ఫోటో అంటే అదే కదా.


కొత్తపట్నం_అల

@కావలి_షట్టర్ ఈ ఫోటోకి మాత్రం అది పనికిరాదండీ, కారణాలు చెప్తాను.

35 ఎం.ఎం.తో 3 మీటర్ల నుంచి తీస్తే ఫ్రేములో దాదాపు 2 మీటర్ల వెడల్పు, 1.3 మీటర్ల ఎత్తు పడుతుంది. కూర్చున్న మనిషి, వంగిన మనిషి, బుట్ట, మధ్యలో చెయ్యి, అన్నీ సరిపోతాయి. 200 ఎం.ఎం.తో అదే వెడల్పు రావాలంటే 17 మీటర్ల దూరం పోవాలి. బజారు వీధిలో 17 మీటర్ల ఖాళీ ఎక్కడుంది? మధ్యలో ఆటో, స్కూటరు, తోపుడుబండి, నడిచేవాళ్లు. కొసరు పడేది అర సెకను. ఆ అర సెకనులో అడ్డు లేకుండా ఉండటం అదృష్టం మీద వదిలేసినట్టే.

రెండోది, ఆ లెన్సు 200 దగ్గర ఎఫ్/5.6 చుట్టుపక్కలే తెరుచుకుంటుంది. చేతి వణుకు రాకుండా 1/500 పెడితే నీడలో ఐఎస్ఓ 1600 దాకా పోతుంది, పొద్దు గూకే వేళకి 3200. లెన్సులో వణుకు తగ్గించే వి.ఆర్. ఉన్నా అది మీ చేతి వణుకునే ఆపుతుంది, పూలమ్మే చేతి కదలికని ఆపదు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. అంత దూరం నుంచి తీసిన ఫోటోలో చూసేవాడు కూడా రోడ్డు అవతలే ఉండిపోతాడు. దగ్గరి నుంచి తీస్తే చెయ్యి ముందుకు వస్తుంది, వెనక వీధి వెనక్కి పోతుంది, బుట్ట పక్కన మనమే కూర్చున్నట్టుంటుంది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రి కార్తియే బ్రెసోఁ వీధి ఫోటోల్లో ఎక్కువ భాగం 50 ఎం.ఎం. లెన్సుతో తీసినవే. మీ డి5600 మీద 35 ఎం.ఎం. చూపించేది ఇంచుమించు అదే చూపు; సెన్సర్ చిన్నది కాబట్టి 1.5 రెట్లు, లెక్క ప్రకారం 52.5. కావలసిన లెన్సు మీ సంచీలోనే ఉంది.

పైగా ఆడవాళ్లని దూరం నుంచి పొడుగు లెన్సుతో తీస్తుంటే చుట్టుపక్కల అంగళ్ల వాళ్లు వచ్చి అడుగుతారు. అడగాలి కూడా. దగ్గర కూర్చుని అందరికీ కనబడేట్టు తీసేవాడి మీద ఎవరికీ అనుమానం రాదు.

పొడుగు లెన్సు నేనూ వాడతాను, సముద్రం ఒడ్డున వల లాగేటప్పుడు. అక్కడ అడ్డొచ్చేది ఏమీ లేదు, దగ్గరికి పోతే తాడు కాలికి చుట్టుకుంటుంది. ఎక్కడి పనికి అక్కడి లెన్సు.


దర్శి_పిక్సెల్

ఫోన్‌తో ప్రయత్నించేవాళ్ల కోసం కొంచెం. నిజానికి పూలకొట్టు దగ్గర ఫోన్ పట్టుకున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు, అది పెద్ద లాభం.

ఫోన్ మెయిన్ కెమెరా చాలావాటిలో 24 నుంచి 26 ఎం.ఎం. చూపు. 3 మీటర్ల నుంచి తీస్తే ఫ్రేము 4 మీటర్ల వెడల్పు, వీధంతా వచ్చేస్తుంది. ఒకటిన్నర మీటరుకి దగ్గరవ్వండి, లేదా 48, 50 మెగాపిక్సెల్ సెన్సర్ ఉన్న ఫోన్ అయితే 2ఎక్స్ పెట్టండి. అంతకు మించి వేళ్లతో జూమ్ చేయొద్దు.

తెర మీద బుట్ట దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. తర్వాత పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి, మల్లెల తెలుపు నిలబడేదాకా. నైట్ మోడ్ తప్పకుండా ఆపేయాలి. అది చాలా ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది, ఈ మధ్యలో చెయ్యి కదిలితే ఆరు వేళ్ల చెయ్యి వస్తుంది. ప్రో మోడ్ ఉంటే పగటి నీడలో షట్టర్ 1/250, బల్బు కింద 1/100.

బరస్ట్‌కి (గబగబా వరస ఫోటోలు పడటానికి) ఐఫోన్‌లో షట్టర్ బటన్‌ని ఎడమకి జరిపి పట్టుకోవాలి, శామ్‌సంగ్‌లో కిందికి. మోషన్ ఫోటోలోంచి ఫ్రేము ఏరుకోవచ్చు అనుకుంటారు కొందరు. ఆ ఫ్రేముల నాణ్యత అసలు ఫోటో కన్నా తక్కువ, ప్రింటుకి పనికిరావు. ఇంకా ముఖ్యం, లెన్సు తుడవండి. జేబులో పెట్టిన ఫోన్ లెన్సు మీద జిడ్డు ఉంటే బల్బు చుట్టూ పొగలాగా వస్తుంది, మల్లెల అంచులు కరిగిపోతాయి.


పెన్నగట్టు_35

అందరికీ చాలా థాంక్సండీ. సాయంత్రం ఐదున్నరకి వెళ్లి చూశాను. 3 మీటర్ల ఫోకస్ బిగించడం, ఎం మోడ్ రెండూ అద్భుతంగా పనిచేశాయి. మల్లెలు ఒక్కో రేకు లెక్కపెట్టేట్టు వచ్చాయి. అడిగి కూర్చుంటే ఆమె నిజంగానే నా వంక చూడలేదు.

మిగిలిన ఇబ్బంది రెండు. కొనే ఆమె నిలబడి ఉంటుంది, అమ్మే ఆమె నేల మీద కూర్చుని ఉంటుంది. నిలబడి తీస్తే కొనే ఆమె వీపు, కూర్చుని తీస్తే ఆమె తల ఫ్రేము పైకి పోతోంది. ఇంకోటి, కొట్టు మీద నీలం పట్టా కట్టారు. మల్లెలు, చేతులు అన్నీ నీలంగా పడుతున్నాయి, ఒక పక్క మాత్రం మామూలు రంగు. వెనక ఫ్లెక్సీల గోల వేరే.


కొత్తపట్నం_అల

బుట్టకి ఎదురుగా ఉండొద్దు. గిరాకీ నిలబడేది అక్కడే, వీపు తప్పదు. అమ్మే ఆమె కొలిచే చేతి వైపు, అంటే చాలామందికి ఎడమ వైపు, ఆమె పక్కన కొంచెం ముందుకు జరిగి, ఇద్దరి మధ్య గీతకి అడ్డంగా చూసేట్టు ఉండండి. అప్పుడు ఒక ముఖం ఎడమ, ఒక ముఖం కుడి, మధ్యలో చెయ్యి. పక్క అంగడి మెట్టు మీద కూర్చోడానికి అడిగితే ఎవరూ కాదనరు.

కెమెరా ఎత్తు నేల నుంచి 75 నుంచి 90 సెంటీమీటర్లు. నేల మీద కూర్చున్న మనిషి తల ఎత్తు దరిదాపుల్లో అది. కొనే ఆమె ఎప్పుడూ నిటారుగా ఉండదు, కొసరు చూడటానికి వంగుతుంది. అసలు మీకు కావలసింది ఆ వంగిన తలే. నిటారుగా నిలబడిన బేరాలు వదిలేయండి. పొట్టి మనిషి, చంకలో బిడ్డ లేని మనిషి, చేతిలో సంచి కింద పెట్టిన మనిషి అయితే తప్పకుండా వంగుతారు. ఫ్రేముని నిలువుగా తిప్పాలనిపిస్తుంది, తిప్పొద్దు. 3 మీటర్ల దగ్గర అడ్డం ఫ్రేము ఎత్తు 1.3 మీటర్లే కాబట్టి తల తెగుతోంది. అర అడుగు వెనక్కి జరగండి, చాలు. 35 ఎం.ఎం. ఫోకస్ 3 మీటర్ల దగ్గరే ఉన్నా ఎఫ్/5.6లో మీకు నాలుగు మీటర్ల దాకా హద్దు ఉంది.

మీ డి5600 తెర విప్పి పైకి తిరిగేట్టు పెట్టుకోవచ్చు. కెమెరాని ఒళ్లో పెట్టుకుని, తల దించి తెర చూస్తూ తీయండి. ఇట్టా తెర చూస్తూ తీసే లైవ్ వ్యూలో ఆ కెమెరా ఆటోఫోకస్ నెమ్మది, మీరు ముందే బిగించేశారు కాబట్టి ఆ బాధ లేదు. లైవ్ వ్యూలో బటన్ నొక్కినదానికి ఫోటో పడేదానికి మధ్య వ్యూఫైండర్ కన్నా కాస్త ఆలస్యం ఉంటుంది. అందుకే కుడిచెయ్యి ఆగగానే నొక్కాలి, పూలు జారేదాకా చూస్తే అయిపోతుంది. బరస్ట్ ఎక్కువలో ఎక్కువ సెకనుకు 5, అంటే ఫ్రేముకి ఫ్రేముకి 0.2 సెకను సందు. మూడు నాలుగు ఫ్రేములతో వదిలేయండి. నొక్కి పట్టుకుంటే రా ఫైళ్లకి బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండి, అసలు బేరం వచ్చేసరికి కెమెరా దీపం వెలిగించుకుని కూర్చుంటుంది.

నీలం పట్టాకి వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని సరిచేసే సెట్టింగు) మందు కాదు. పట్టాలోంచి దిగే వెలుగు నీలం, పక్కనుంచి వచ్చే ఆకాశం వెలుగు వేరు, రెండూ ఒకే ముఖం మీద పడితే దేనికి సరిచేసినా రెండోది పాడవుతుంది. రంగురంగుల గొడుగు కింద ఇంకా కష్టం, బుగ్గ ఒక రంగు, చెయ్యి ఒక రంగు. బుట్ట పట్టా అంచుకి దగ్గరగా ఉన్న కొట్టు చూసుకోండి. పొద్దు వాలే కొద్దీ పక్కనుంచి వెలుగు లోపలికి వస్తుంది, పైనుంచి వచ్చే నీలం తగ్గుతుంది. మే నెలలో సూర్యుడు నడి పడమరకి ఇరవై డిగ్రీలు ఉత్తరంగా అస్తమిస్తాడు, డిసెంబర్లో అంతకన్నా కొంచెం ఎక్కువగా దక్షిణానికి. మీ వీధి ఎటు తిరిగి ఉందో ఫోన్ దిక్సూచితో చూసుకుంటే ఏ నెలలో ఏ కొట్టు కిందకి ఎండ దూరుతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎంత చేసినా నీలం పోకపోతే నలుపు తెలుపులోకి మార్చండి. మల్లె, నల్లటి జడ, ముడతల చెయ్యి, వీటికి రంగు లేకపోయినా లోటు లేదు.

ఫ్లెక్సీలకి వెనక తెరిచి ఉన్న కొట్టు లోపలి చీకటి వచ్చేట్టు అర అడుగు అటూ ఇటూ జరగండి. కెమెరాని కిందకి దించినప్పుడే సగం ఫ్లెక్సీలు ఫ్రేములోంచి పోతాయి. మిగిలినదాన్ని చెరపడానికి ఎడిటింగ్‌లో బొమ్మలు అతకొద్దు. క్రాప్ చేయండి, అంచులు కొంచెం ముదురు చేయండి, అంతవరకే.

ఫ్రేములు ఏరేటప్పుడు నూటికి నూరుపాళ్లు పెద్దది చేసి పదును చూడటంతో మొదలుపెట్టొద్దు. ముందు చిన్నగా పెట్టి చూపులు చూడండి. ఇద్దరి చూపూ చేతి మీద ఉన్నది పక్కన పెట్టండి. వాటిలో బొటనవేలు విడిచినట్టు తెలిసేది తీసుకోండి. పదును ఆఖరున.


పెన్నగట్టు_35

అర్థమైందండీ, ఎడమ పక్క మెట్టు మీద చోటుంది. ఫోటో కుదిరితే పోటీకి పంపొచ్చా? ఆమెని ఏమని అడగాలి?


మూరెడు_మల్లె

తీసుకునేటప్పుడు అడిగింది తీసుకోవడానికే. పోటీకి పంపినా, ఎవరైనా డబ్బులిచ్చి వాడుకున్నా మళ్లీ అడగాలి, కొనే ఆమె ముఖం కనపడితే ఆమెనీ అడగాలి. గిరాకీ వెళ్లిపోయే లోపే తెర మీద ఫోటో చూపించి అడగండి, తర్వాత ఎక్కడ దొరుకుతారు? వద్దంటే ఆడే తీసెయ్యండి. సరేనంటే పోటీ నిబంధనల్లో అడిగే ఒప్పుకోలు కాగితం తెలుగులో రాసుకుని పోండి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. పేరు వెయ్యాలా వద్దా అనేది కూడా ఆమెనే అడగండి. పక్కన బడి యూనిఫాంలో పిల్లలు ఉంటే ఆ ఫ్రేము బయట పెట్టబాకండి.

ప్రింటు మాత్రం తప్పకుండా ఇవ్వండి. 6×8 సైజు, మ్యాట్ కాగితం, పైన లామినేషన్. పూలోళ్ల చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, మామూలు ప్రింటు సాయంత్రానికల్లా అతుక్కుపోద్ది. ఇచ్చేది బేరం లేని వేళ, మధ్యాహ్నం దండలు కట్టుకునేటప్పుడు ఇయ్యండి.